నలభీమపాకము

తెలుఁగునాట విందారగించినవారు వంటను మెచ్చుకొనఁదలఁచినప్పుడు ‘నలభీమపాకము’ అని యందురు. గుత్తివంకాయ కూరయైనను, గుమ్మడికాయ పులుసైనను, కుమ్ములోఁ గాల్చి చేసిన వంకాయ పచ్చడియైనను రుచి కుదిరినచో నీ మాటయే వినఁబడును. వాడుకచే నరిగిపోయి, యర్థము నెవ్వరును విచారింపని స్థితికి వచ్చిన పలుకుబడులలో నిది యొకటి. పురాణేతిహాసములలో రాజుల విందులు కొల్లలుగా నున్నవి. వానిని వండినవారిలో లోకము పాకమునకుఁ బ్రమాణముగా గ్రహించిన పేర్లు మాత్రము రెండే. ఆ యిద్దఱును రాజ్యభ్రష్టులు. ఇరువురి రాజ్యములును జూదముననే పోయినవి. ఇరువురును మాఱుపేరు పెట్టుకొని పరుల కొలువున వంటచెఱకు రాఁజేసినవారు. ఇది కాకతాళీయమా, కథలోనే దీనికి హేతువున్నదా యనునది విచారింపఁదగిన విషయము.

మొదట నొక సందేహమును దీర్చుకొనవలెను. నలుని మామయైన విదర్భరాజు పేరును భీముఁడే. కాని యతఁడు వండినట్లు కథలో నెచ్చటను లేదు. కావున పలుకుబడిలోని భీముఁడు విరటుని కొలువునఁ జేరిన భీమసేనుఁడే. వ్యాసభారతమున నతఁడు బల్లవుఁడు. తిక్కన విరాటపర్వమున వలలుఁడు.

ఈ వంట యజ్ఞాతవాసమునకు వేషమాత్రమని సామాన్యాభిప్రాయము. భీముని యెడ నిది కొంతవఱకు సరియే. నలుని యెడ మాత్రము పొసఁగదు. కర్కోటకుని విషముచే నతని రూపమే మాఱిపోయినది. దాఁగుటకు వేఱు వేషముతోఁ బనిలేదు. అయినను ఋతుపర్ణుని కడకుఁ బోయి తన నేర్పులు చెప్పుకొనునప్పుడు గుఱ్ఱములను దోలుటతోపాటు అన్నసంస్కారమును గూడ నతఁడు పేర్కొనెను. రాజ్యము, రూపము, పేరు, భార్య పోఁగా మిగిలినదేదో యది చెప్పుకొనెను. ఇది వేషము కాదు, శేషము.

ఆ శేషము వచ్చిన మార్గము గమనింపఁదగినది. దమయంతీస్వయంవరానంతరమున దేవతలు నలునకు వరములిచ్చిరి. అగ్ని, కోరినచోట తాను ప్రత్యక్షమగుదుననెను. వరుణుఁడు, కోరినచోట నీరు కలుగుననెను. యముఁడు అన్నరసమును, ధర్మమున స్థిరత్వమును ఇచ్చెను. నిప్పు, నీరు, రుచి: ఈ మూఁటిని గలిపిన వంటయిల్లే యగును. నిషధరాజ్యమున వందలకొలఁది పరిచారకులు గల రాజునకు వీనితో నేమి పని? ఇచ్చిననాఁడు అలంకారప్రాయములైన వరములు, సర్వము పోయిననాఁడు జీవనాధారములైనవి. కలి యతని రాజ్యమును హరింపఁగలిగెను గాని వీనిని హరింపలేకపోయెను.

అట్లైనచో నడవిలో నలుఁడు దమయంతితో నాఁకలిగొని తిరిగినప్పుడు ఆ వరము లేమైనవని యడుగవచ్చును. కథ దీనికి సూటిగా సమాధానము చెప్పదు. ఒక సంఘటనచే సూచించును. నలుఁడు బంగారు ఱెక్కల పక్షులను జూచి, నేఁటికి తిండియు ధనమును దొరకినవని తలఁచి, కట్టుబట్టను వానిపై విసరెను. అవి బట్టతో నెగిరిపోయి, తామే పాచికలమని చెప్పెను. ఇచట వ్యాసుని భావము సూక్ష్మమైనది. ఓడినవాఁడు జూదము విడిచినాఁడు గాని జూదరి మనస్సు విడువలేదు. ఆఁకలిని సైతము ఒక్క విసరుతోఁ దీర్చుకొనఁ జూచెను. వంట దీనికి సరిగా విపరీతము. అందు విసరు లేదు, కాచుకొనుటయే కలదు. కలి పట్టియున్నంతకాలము నలుని చేతిలో నీరును నిప్పును నుండియు దమయంతి యాఁకలి తీఱలేదు. అందుచేతనే ఋతుపర్ణుని యశ్వశాలలోఁ బ్రతిసాయంకాలమును అతఁడు, ఆఁకలిదప్పులతో నామె యెచట నున్నదో యని యొక్క శ్లోకమునే పాడుకొనుచుండెను.

కలి విడిచిన క్రమమును జూడుఁడు. కుండినపురమునకుఁ బోవు దారిలో విభీతకవృక్షము, అనఁగా తాండ్రచెట్టు, కడ ఋతుపర్ణునివలన నక్షహృదయమును నేర్చినపిమ్మట కలి నలుని దేహమునుండి వెడలెను. ఆ వెనువెంటనే కథలో వచ్చునది వంట. కేశిని పొంచి చూడఁగా, బాహుకుఁడు చూచినంతనే రిక్తపాత్రలు నీటితో నిండినవి. ఎండకుఁ జూపిన గడ్డిపిడికిలి మండినది. అప్పటికిని దమయంతి నిశ్చయింపలేదు. అతఁడు వండిన మాంసమును దెప్పించి రుచి చూచిన తరువాతనే నలుఁడని యెఱిఁగెను.

వ్యాసుఁడు చెప్పినది మాంసమైనను, శాకాహారుల యిండ్లలో నీ ప్రశంస కూరగాయలకుఁ జెల్లినది, చెల్లుటయు నుచితమే. వంకాయను మంటలోఁ బడవేసినచోఁ బైతొక్క మాడి లోపల పచ్చిగా నుండును. కుమ్ములోఁ గప్పి నిదానముగా మగ్గనిచ్చినచోఁ బైన బొగ్గువలె నల్లఁబడును గాని తొక్క తీయఁగా లోపలి గుజ్జు వెన్నవలె నుండును. బాహుకుఁడట్టివాఁడు. చూచినవారికిఁ గుఱుచచేతుల కురూపి. రుచి యెఱిఁగిన దమయంతికి నలుఁడు.

భీముని కథలో నీ విషయమే మఱొక విధముగా వచ్చును. ద్యూతసభలో ద్రౌపదిని బణముగా నొడ్డిన యన్న చేతులను గాల్తును, నిప్పు తెమ్మని సహదేవునితోఁ బలికినవాఁడు భీముఁడు. ఆ భీముఁడే విరటుని యింట నిప్పు రాఁజేసి, తనకు లభించిన భక్ష్యములను విక్రయించు నెపమున నా యన్నకే చేర్చుచుండెనని వ్యాసభారతము చెప్పుచున్నది. ధర్మరాజును జూదమునఁ గెలిచిన ధనమును రహస్యముగాఁ దమ్ములకుఁ బంచుచుండెను. కోపించినవాఁడు వండి పెట్టెను; పోఁగొట్టినవాఁడు తెచ్చి పంచెను. ఒకరినొకరు క్షమించితిమని వారు నోట ననలేదు. కీచకునిచే నవమానితయైన ద్రౌపది రాత్రివేళ వెదకికొని పోయినదియు వంటయింటికే. చందనము నూఱి కాయలు గాచిన యామె చేతులను ముఖమున కద్దుకొని భీముఁ డేడ్చినదియు నచటనే.

తెలుఁగున నీ రెండు కథలను ఇద్దఱు మహాకవులు తెచ్చిరి. నన్నయ యరణ్యపర్వ ద్వితీయాశ్వాసమున నలోపాఖ్యానమును సంగ్రహించెను. తిక్కన వలలుని తీర్చెను. శ్రీనాథుని శృంగారనైషధము శ్రీహర్షుననుసరించి జూదమునకుఁ బూర్వమే ముగియుటచే, నందలి నలుఁడు వివాహపు విందునఁ గూర్చున్నవాఁడే గాని వండినవాఁడు కాఁడు. పలుకుబడిలోని నలుఁ డీ రసికరాజు కాఁడు. నలకృతమని ప్రసిద్ధమైన పాకదర్పణమను సంస్కృతగ్రంథము సైతము ఋతుపర్ణునితోడి సంవాదముగా రచింపఁబడినది. పాకశాస్త్రమును జెప్పుటకు సింహాసనమున నున్న నలుని గాక, కొలువున నున్న నలునే సంప్రదాయ మెన్నుకొన్నది.

వంటయిల్లే గమ్యమని యీ కథల తాత్పర్యము కాదు. భీముఁడు గరిటె విడిచి గద పట్టెను. నలుఁడు పుష్కరునితో మరల జూదమాడి గెలిచెను; గెలిచియు నతని క్షమించి, యతని భాగమిచ్చి పంపెను. అయినను ఓటమికిని మరల లేచుటకును నడుమ మనుష్యుఁడు నిలువవలసిన చోటొకటి యున్నది. ఆ చోట నతని నిలిపినది, ఫలము చేతిలోఁ గనఁబడునట్టి, యొకరి యాఁకలి తీర్చునట్టి పని.

పాఠశాలలలో నలకథను జెప్పునప్పుడు జూదమాడరాదను నీతితో ముగించుట వాడుక. కాని బృహదశ్వుఁడీ కథను జెప్పినది యప్పటికే యాడి యోడినవానికి. తనకంటె నిర్భాగ్యుఁడైన రాజు కలఁడా యని ధర్మరాజడుగఁగాఁ జెప్పెను. ఓడినవానికి ఓడవలదను నుపదేశ మెందులకు? బృహదశ్వుఁడు దానిని జేయలేదు. కథ చెప్పి, పిమ్మట నక్షహృదయము నొసఁగెను. దానికిఁ గొంచెము ముందే యన్నపై మండిపడిన భీముఁడును ఆ వనముననే యుండెను. విరాటనగరమున నే పని చేయుదువని యడిగినప్పుడు అతఁడు వంట నెన్నుకొనుటకు నలకథయే కారణమని వ్యాసుఁ డనలేదు. రెండు పేర్లను గలిపి యొక్క సమాసము చేసి, యా మాటను లోకమే పూర్తిచేసినది.