మిస్సమ్మ ఉద్యోగం

మొన్న ఆదివారం టీవీలో 'మిస్సమ్మ' వేశారు. పొయ్యిమీద పప్పు మాట మరిచిపోయి కూర్చున్నాను.

1955లో నాగిరెడ్డి, చక్రపాణి తీసిన చిత్రం. దర్శకుడు ఎల్.వి.ప్రసాద్. ఆ రోజుల్లో మద్రాసు స్టూడియో అంటే ఉమ్మడి కుటుంబమేనండీ! కథా, సెట్టూ, కెమెరా అన్నీ ఒకే ఆవరణలో. నటుల్లో కొందరికి నెలజీతాలు. పెద్దల మాటే మాట. మొదట మేరీ వేషం భానుమతిగారిది. అప్పటికే, 1953లో, 'చండీరాణి'కి తానే దర్శకత్వం వహించిన మనిషాయె! కొంత షూటింగయ్యాక చక్రపాణిగారితో పేచీ వచ్చింది. ఆవిడ తప్పుకున్నారు. చిన్న వేషానికి వచ్చిన సావిత్రికి ఇది దక్కింది.

తెరమీద మేరీదీ ఉద్యోగం గొడవే. డేవిడ్ బాకీ తీర్చాలని, పరాయి మగవాడికి పెళ్ళాంలా నటిస్తూ పంతులమ్మ అవుతుంది. ఆ చిరాకంతా సావిత్రి కనుబొమల్లోనే చూపించింది. సరదా సినిమాలో ఆ బెంగ నిజంగా ఉంది కనుకనే ఇన్నేళ్ళు నిలిచింది.

సినిమా అయ్యాక మా అమ్మాయి అడిగింది: "జమీందారు కూతురని తేలింది సరే, మరి ఆవిడ ఉద్యోగం ఏమైందమ్మా?"

నిజమే! పుట్టిల్లు దొరికేసరికి జీతం ఊసే లేదు. అంత నవ్వించిన కథ అక్కడ మాత్రం తేలిగ్గా తప్పించుకుంది. ఇన్నిసార్లు చూసీ నాకు తట్టనేలేదు.

మాడిన గిన్నె తోముతూ అదే ఆలోచిస్తున్నాను.