సమాచారచిత్రములు: ఒక ఔచిత్యవిచారము

విజయవాడనుండి బందరు పోవు దారిలోనున్న ఉయ్యూరున ఉదయమున పత్రిక విప్పినవారికిని, సెల్‌ఫోను తెఱచినవారికిని మొదట కంటబడునది తఱచుగా వాక్యము కాదు, బొమ్మ. అందులో అంకెలుండును, బాణములును, రంగుల పట్టీలును ఉండును, నాలుగైదు ముక్కల తెలుగుండును. కృష్ణలో నీరెంత, ఏ పక్షమునకెన్ని స్థానములు, ఏ పథకమునకెవరు అర్హులు, ఫోనులో సొమ్ము పంపుట యెట్లు అను విషయములు చాలమందికిట్టి బొమ్మల ద్వారముననే తెలియుచున్నవి. ఇన్ఫోగ్రాఫిక్ అను పేర వాడుకలోనున్న దీనిని ఈ వ్యాసమున సమాచారచిత్రమని వ్యవహరింతును. ఇంత విరివిగా చదువబడు రచనకు గుణదోషవిచారము వలదా? వలెననియే నా మనవి.

చిత్రమును అక్షరమును కలిపి చెప్పుట మనకు క్రొత్త కాదు. పంచాంగములోని రాశిచక్రము, చిత్రకవిత్వములోని పద్మబంధ నాగబంధాదులు అట్టివే. మమ్మటుడు చిత్రకావ్యమును అవరమని నిర్ణయించెను. స్ఫుటమైన వ్యంగ్యము లేకుండుటయే అందులకు హేతువు. సమాచారచిత్రము విషయమున ఈ నిర్ణయము తలక్రిందులగును. ఇచట వ్యంగ్యము లేకుండుటయే గుణము. వాచ్యముగా ఒక అంకెను చెప్పుచు, రూపముచేత వేఱొక అర్థమును స్ఫురింపజేసినచో అది దోషము. క్షేమేంద్రుడు 11వ శతాబ్దిలో కావ్యమునకు జీవితమని చెప్పిన ఔచిత్యమే దీనికిని గీటుఱాయి కాదగును.

పాశ్చాత్యులును ఈ దారినే ఆలోచించిరి. విలియం ప్లేఫెయిర్ 1786లో వాణిజ్యపు లెక్కలను రేఖలలో చూపెను. 1920 తరువాతి దశకమున వియన్నాలో ఓటో నాయ్‌రాత్ ఒక నియమము చేసెను: పరిమాణము పెరిగినపుడు బొమ్మను పెద్దది చేయరాదు, అదే బొమ్మను మరల మరల వేయవలెను. ఉయ్యూరు చక్కెర కర్మాగారమునకు పేరుపడిన ఊరు గనుక ఆ నియమములోని యుక్తిని చక్కెర బస్తాతోనే చూతము. ఉత్పత్తి రెట్టింపైనదని చూపుటకు చిత్రకారుడు బస్తా ఎత్తును, వెడల్పును రెండింతలు చేసెననుకొందము. కాగితముపై బస్తా నాలుగింతలగును. అంకె రెండనును, కన్ను నాలుగనును. రెండు బస్తాలను ప్రక్కప్రక్కన వేసినచో ఈ కలహము లేదు.

ఇక నిజమైన లెక్కకు వత్తము. ప్రకాశం బ్యారేజి వద్ద వరద 2009 అక్టోబరులో 11.10 లక్షల క్యూసెక్కులకును, 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కులకును చేరెను. ఈ రెంటిని పట్టీలుగా గీచి, పట్టీలను సున్న నుండి మొదలుపెట్టినచో అవి ఇంచుమించు సమానములు. భేదము నూటికి మూడు మాత్రమే. పదునొకండు లక్షలనుండి మొదలుపెట్టినచో రెండవ పట్టీ మొదటిదానికి నాలుగింతలు మించును. అంకె ఒక్కటియు మాఱలేదు, అర్థమంతయు మాఱినది.

మఱియొక దోషము పరిభాషకు సంబంధించినది. క్యూసెక్కు ప్రవాహమును, టీఎంసీ నిల్వను తెలుపును. రెండును ఒకే చిత్రమున సంబంధము చెప్పక నిలిపినచో చదువరికి మిగులునది భయమే. 1957లో పూర్తియైన ఈ బ్యారేజి నిల్వ సుమారు 3 టీఎంసీలు. నాటి ప్రవాహముతో ఖాళీ జలాశయము నిండుటకు పట్టుకాలము ఇంచుమించు ముప్పావు గంట. ఈ యొక్క వాక్యము చిత్రము క్రింద నున్నచో కాలువ క్రింది రైతుకు ఆ లక్షల తాత్పర్యము తెలియును.

వీనికంటె లోతైన దోషము ఎన్నికలో నున్నది, అనగా దేనిని లెక్కింపవలెనని నిశ్చయించుటలో. 2024లో విజయవాడ సింగ్‌నగరును ముంచినది బ్యారేజి గేట్లు దాటిపోయిన కృష్ణ కాదు, గండ్లు పడిన బుడమేరు. బ్యారేజి అంకెను మాత్రమే చూపు చిత్రము ఎంత శుద్ధముగా గీచినదైనను, తన యింటిలోనికి నీరెట్లు వచ్చెనో ఆ వాడవానికి చెప్పజాలదు.

రాజకీయ చిత్రములందును ఇట్లే. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 2019లో తెలుగుదేశమునకు నూటికి సుమారు 39 ఓట్లు వచ్చెను. 175 స్థానములలో దక్కినవి 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెసుకును నూటికి సుమారు 39 ఓట్లే, దక్కినవి 11. స్థానములను మాత్రమే రంగులలో చూపు పటమున ఈ ఓటర్లలో అత్యధికులు అదృశ్యులగుదురు. మఱియు, ఉయ్యూరు ఒకప్పుడు స్వయముగా ఒక నియోజకవర్గము. 2008 పునర్విభజనానంతరము పెనమలూరులో చేరినది. పాత పటమును క్రొత్త పటమును ప్రక్కప్రక్కన పెట్టి, హద్దులు మాఱినవని చెప్పక రంగులను పోల్చుట న్యాయము కాదు.

భాషావిషయమున మనవారు తీర్పవలసిన చిక్కొకటి కలదు. ఒక అంశము 10 శాతమునుండి 15 శాతమునకు పెరిగినపుడు "5 శాతము పెరుగుదల" అని వ్రాయుట తఱచు. పెరుగుదల అయిదు పాళ్లు; మొదటి మొత్తముతో పోల్చినచో ఏబది శాతము. ఈ రెంటిని వేఱు చేయు మాట తెలుగున స్థిరపడలేదు. పారిభాషిక పదములు నిర్మించు తెలుగు శాఖలకు ఇంతకంటె ప్రయోజనకరమైన పని కొంచెమే.

సమాచారచిత్రమును నిరసించుట నా యుద్దేశము కాదు. 1951-52 సార్వత్రిక ఎన్నికలలో అక్షరములు రాని కోట్ల జనము గుర్తులను చూచియే ఓటు వేసిరి. చిత్రము అట్టివారికి ద్వారము తెఱువగలదు. కావుననే ద్వారమున నిలిచినవాడు దారి తప్పింపరాదు. నాలుగు పుటల వ్యాసమున అబద్ధమాడినవానిని ఖండించుటకు అందులోనే వాక్యములు దొరకును. బొమ్మలోని అబద్ధము వాక్యముగా ఎచటను ఉండదు. కన్ను దానిని తానే కట్టుకొని తనదని నమ్మును.

పరిశోధక విద్యార్థులు ఒక వరద కాలమునకో, ఒక ఎన్నికకో చెందిన చిత్రములను తేదీలతో సేకరించి, ప్రతిదానిని నాలుగు ప్రశ్నలు అడుగవలెను: ఏది లెక్కింపబడెను? ఏది విడువబడెను? రూపము అంకెకు అనుగుణముగా నున్నదా? క్రింది తెలుగు అర్థమగుచున్నదా? కావ్యమున ఔచిత్యభంగము రసమును చెఱచును. ఇచట అది ఇల్లు ఖాళీ చేయవలెనా, ఉండవలెనా అను నిర్ణయమును చెఱచును. విమర్శకు ఇంతకంటె బాధ్యత గల తావు వేఱొకటి నాకు తోచదు.