వాల్మీకి యుద్ధకాండలో సాగరతరణ వ్యూహరచన: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

శత్రువుకూ తమకూ నడుమ సముద్రం అడ్డుగా ఉన్నప్పుడు దండయాత్రను ఎలా ఆలోచించాలి? వాల్మీకి రామాయణ యుద్ధకాండ తొలిభాగానికి కేంద్రమైన ప్రశ్న ఇదే. సేతుబంధనాన్ని దైవలీలగానో భక్తికి ఉదాహరణగానో చదివే అలవాటు వల్ల ఈ ప్రశ్న మరుగునపడింది. సమాచార సేకరణ, మార్గనిర్ణయం, నిర్మాణం, రహస్యరక్షణ, తీరంపై మోహరింపు అనే ఐదు అంశాలుగా ఈ ఘట్టాన్ని పరిశీలించి, విజయానికి వాల్మీకి చూపిన కారణాలనూ, రామపక్షపు ఆలోచనలో ఆయన దాచకుండా చెప్పిన లోపాన్నీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు సంప్రదాయం ఈ ఘట్టం నుంచి దేనిని నిలుపుకొన్నదో చివరి భాగం చర్చిస్తుంది.

కీలకపదాలు: యుద్ధకాండ, సేతుబంధనం, మంత్రాంగం, నలుడు, చారులు, రంగనాథ రామాయణం.

1. ఉపోద్ఘాతం

యుద్ధకాండలో తొలి బాణం శత్రువు మీద పడేలోగా పాఠకుడు దాదాపు నలభై సర్గలు దాటాలి. ఈ భాగాన్ని కథాగమనానికి అడ్డంకిగా, అసలు యుద్ధానికి సుదీర్ఘమైన పీఠికగా భావించే పాఠకులు ఉన్నారు. ఆ భావన సరైనది కాదు. రెండు పక్షాల సభలు, రెండు పక్షాల గూఢచారులు, ఒక వంతెన, ఒక శిబిరం ఈ భాగంలో ఒకదాని పక్కన ఒకటి నిలుస్తాయి. లంక పతనానికి కారణాలు అప్పటికే ఇక్కడ సిద్ధమవుతాయి. ప్రచారంలో ఉన్న దాక్షిణాత్య పాఠం ఈ పరిశీలనకు ఆధారం.

2. సమాచారం: హనుమంతుని నివేదిక

మూడవ సర్గలో రాముడు ముందుగా మూడు ఉపాయాలను పేర్కొంటాడు. తపస్సు చేత, సేతువు కట్టడం చేత, సాగరాన్ని ఇంకించడం చేత కూడా తాను దాటగలనంటాడు. అంతటి సామర్థ్యం ప్రకటించిన వెంటనే అతడు అడిగేది మాత్రం లంక గురించిన వివరాలు. దుర్గాలెన్ని, సేన ఎంత, ద్వారాల ఏర్పాటు ఏమిటి, రక్షణ ఎలా ఉంది అని హనుమంతుని ప్రశ్నిస్తాడు. శక్తి గురించిన మాట వెనుకనే సమాచారం గురించిన ప్రశ్న రావడం గమనించదగినది.

హనుమంతుని జవాబులో స్తోత్రం లేదు, వర్గీకరణ ఉంది. లంకకు నాదేయం, పార్వతం, వన్యం, కృత్రిమం అని నాలుగు విధాల దుర్గరక్షణ ఉంది. నాలుగు ద్వారాలకూ దృఢమైన గడియలు, బాణాలను రాళ్లను విసిరే యంత్రాలు, శతఘ్నులు ఉన్నాయి. మొసళ్లతో నిండిన అగడ్తలపై యంత్రాలు అమర్చిన వంతెనలున్నాయి. శత్రుసేన వస్తే ఆ యంత్రాలు దానిని అగడ్తలలోకి తోసివేస్తాయి. నాలుగు దిక్కులలో ఉన్న రక్షకుల సంఖ్యను కూడా అతడు విడివిడిగా చెబుతాడు. సుందరకాండలో లంకాదహనం వీరకృత్యంగా కనిపిస్తుంది. ఈ నివేదిక తరువాత వెనుదిరిగి చూస్తే అదే ప్రయాణం శత్రుదుర్గ పరిశీలన అని అర్థమవుతుంది.

ఈ నివేదికలోని ఒక చిన్న వాక్యం తరువాతి కథనంతటినీ నిర్ణయిస్తుంది. లంకకు నౌకామార్గం లేదని హనుమంతుడు చెబుతాడు. ఓడల మీద ఎందుకు పోలేదన్న సందేహానికి కావ్యం ఇచ్చిన సమాధానం ఇదే. ఓడలకు దారి లేదు కనుక సేన నడిచిపోయే దారి కావాలి. సేతువు అద్భుతం కోసం పుట్టిన కల్పన కాదు. అందిన సమాచారం నుంచి తేలిన అవసరం.

3. ప్రయాణం: నీలునికి ఇచ్చిన ఆజ్ఞలు

నాలుగవ సర్గలో ఉత్తరఫల్గునీ నక్షత్రాన, మధ్యాహ్నం విజయముహూర్తంలో సేన కదులుతుంది. ముహూర్తం ఎంత శ్రద్ధగా చెప్పబడిందో దానితోపాటు ఇచ్చిన ఆజ్ఞలు కూడా అంత శ్రద్ధగా చెప్పబడ్డాయి. నీలుడు ముందు నడిచి దారి వెదకాలి. ఆ దారిలో పండ్లు, దుంపలు, తేనె, చల్లని నీరు దొరకాలి. రాక్షసులు వాటిని విషపూరితం చేయకుండా కాపాడాలి. పల్లపు ప్రదేశాలలో, దట్టమైన అడవులలో శత్రుబలం పొంచి ఉన్నదేమో చూడాలి. బలహీనులు కిష్కింధలోనే ఉండిపోవాలి.

ఈ ఆజ్ఞలన్నిటికీ మూలసూత్రం ఒకటే: సేన నడిచేది ఆహారం మీద. వానరసేన బండ్లమీద ధాన్యం మోసుకుపోయే సేన కాదు. దారిలో దొరికేదే దానికి ఆహారం. కనుక ఇక్కడ మార్గనిర్ణయమే ఆహార సరఫరా ప్రణాళిక. సేన నగరాల దాపులకు, జనపదాలకు పోకుండా తొలగి నడిచిందని, రాముని కఠినశాసనానికి భయపడి అలా చేసిందని కవి చెబుతాడు. ఆకలిగొన్న మహాసేన పంటపొలాలమీద పడితే ఏమవుతుందో కవికి తెలుసు. యుద్ధంలోని ధర్మం ఇక్కడ ఉపదేశంగా రాలేదు, దారిని ఎంచుకోవడంలోనే ఉంది.

4. సేతువు: ఆలోచన ఎవరిది? నైపుణ్యం ఎవరిది?

సేతువును సముద్రుడు సూచించాడన్నది లోకప్రసిద్ధి. కావ్యక్రమం వేరు. సేతువు కట్టకుండా లంకను గెలవడం దేవతలకు కూడా సాధ్యం కాదని రెండవ సర్గలోనే సుగ్రీవుడు అంటాడు. సముద్రుడు కనిపించేది ఇరవైరెండవ సర్గలో. అంటే ఆలోచన మానవ, వానర సభలో ముందే పుట్టింది. సముద్రుడు ఇచ్చినవి రెండు: కట్టడాన్ని భరిస్తానన్న హామీ, కట్టగలవాని పేరు.

ఆ పేరు నలునిది. విశ్వకర్మ కుమారుడైన నలుడు మొదటినుంచీ సేనలోనే ఉన్నాడు. ఈలోగా రాముడు మూడు రాత్రులు దర్భలపై శయనించి సముద్రుని ప్రార్థించాడు, కోపించాడు, బాణం ఎక్కుపెట్టాడు. సముద్రుడు చెప్పిన తరువాత నలుడు లేచి తన సామర్థ్యాన్ని అంగీకరిస్తాడు. తనను ఎవరూ అడగలేదు కనుక తన గుణాలను తాను చెప్పుకోలేదని వివరణ ఇస్తాడు.

ఈ మాటను నలుని వినయంగా మాత్రమే వ్యాఖ్యానించడం చాలదు. సభ మీద ఇది సున్నితమైన విమర్శ కూడా. విభీషణుని చేర్చుకోవాలా వద్దా అన్న విషయంలో అంగదుడు, శరభుడు, జాంబవంతుడు, మైందుడు, హనుమంతుడు ఒక్కొక్కరుగా అభిప్రాయం చెప్పారు. సాగరాన్ని దాటే ఉపాయం కోసం మాత్రం అప్పుడే వచ్చిన విభీషణుని అడిగారు. సేనలో ఉన్న శిల్పిని ఎవరూ అడగలేదు. రాజనీతిలో ప్రతి గొంతుకూ చోటిచ్చిన సభ, నిర్మాణం విషయంలో నిపుణుని గుర్తించలేకపోయింది. రామపక్షాన్ని లోపరహితంగా చూపాలన్న తపన వాల్మీకికి లేదనడానికి ఇది బలమైన నిదర్శనం.

నిర్మాణ వర్ణనలో అద్భుతం కంటే పనే ఎక్కువ. కొందరు కొలతకు దారాలు పట్టుకున్నారు, కొందరు దండాలు పట్టుకున్నారు. పెద్ద రాళ్లను పెకలించి యంత్రాలతో తరలించారు. సాలవృక్షాలు, వెదుళ్లు తెచ్చి పరిచారు. రోజువారీ లెక్క కూడా ఉంది: మొదటిరోజు 14, రెండవరోజు 20, మూడవరోజు 21, నాలుగవరోజు 22, ఐదవరోజు 23 యోజనాలు. మొత్తం 100. వెడల్పు 10 యోజనాలు. యోజనాల పరిమాణం కావ్యోచితమైన అతిశయమే. ఆ అంకెల క్రమం మాత్రం అనుభవానికి దగ్గరగా ఉంది. పని మరిగినకొద్దీ వేగం పెరుగుతుంది. మొదటి రెండు రోజుల మధ్య పెరుగుదల ఆరు యోజనాలు, ఆ తరువాత రోజుకు ఒక్కొక్కటే. చేతులు కుదిరిన తరువాత పని ఒక తీరున సాగడం ఈ లెక్కలో కనిపిస్తుంది.

5. రహస్యం: ఇద్దరు చారులు, రెండు నీతులు

రాయబారిగా వచ్చిన శుకుడు దూత కాడని, చారుడని, నిలుచున్నచోటనే సేననంతా అంచనా వేశాడని అంగదుడు పసిగడతాడు. అతడు లంకకు తిరిగి పోకూడదంటాడు. శుకుడు బందీ అవుతాడు. రాముడు అతని ప్రాణం తీయనివ్వడు. సేన సముద్రం దాటి లంక చేరిన తరువాతనే అతనికి విడుదల. ఆ తరువాత శుకసారణులు వానరరూపంలో వచ్చి విభీషణునికి చిక్కినప్పుడు, రాముడు వారిని శిక్షించకపోగా, చూడవలసినదంతా చూసి వెళ్లమంటాడు.

ఈ రెండు ఘట్టాలనూ రాముని దయకు ఉదాహరణలుగా కలిపి చెప్పడం పరిపాటి. దయ రెండింటిలోనూ ఉంది, నీతి వేరు. దాటకముందు సేన సంఖ్య, స్థానం శత్రువుకు తెలిస్తే ప్రమాదం. దాటిన తరువాత అదే సంఖ్య శత్రువు గుండెల్లో భయం పుట్టించే ఆయుధం. మొదటి దశలో సమాచారాన్ని దాచాలి, రెండవ దశలో చూపాలి. చారులపట్ల ప్రవర్తనలోని తేడాకు కారణం సముద్రానికి ఏ ఒడ్డున ఉన్నారన్నదే.

6. ఆవలి ఒడ్డు

సేతువు పూర్తి కాగానే విభీషణుడు తన మంత్రులతో, గద చేతబట్టి, ఆవలి తీరంలో శత్రువులను ఎదుర్కొనడానికి నిలుస్తాడు. సముద్రం దాటే సేన బలహీనంగా ఉండేది అడుగు మోపే క్షణంలోనే. తీరాన్ని ముందుగా చేజిక్కించుకొని నిలిచేవారు కావాలన్న ఎరుక ఈ చిన్న వర్ణనలో ఉంది.

ముప్పైయేడవ సర్గలో విభీషణుని నలుగురు అనుచరులు పక్షిరూపాలలో లంకకు వెళ్లి ద్వారరక్షకుల వివరాలు తెస్తారు. దానిని బట్టి తూర్పున ప్రహస్తునికి నీలుడు, దక్షిణాన మహాపార్శ్వమహోదరులకు అంగదుడు, పడమట ఇంద్రజిత్తుకు హనుమంతుడు, ఉత్తరాన రావణునికి రామలక్ష్మణులు ఎదురు నిలుస్తారు. యుద్ధంలో వానరులెవ్వరూ మానవరూపం ధరించకూడదని, మానవరూపంలో పోరాడేవారు ఏడుగురేనని రాముడు నియమిస్తాడు. కామరూపులైన రాక్షసులతో పోరులో తనవారిని గుర్తించే సంకేతం ఇది.

7. లంకలోని సభ

ఆరవ సర్గలో రావణుడు ఉత్తమ, మధ్యమ, అధమ మంత్రాలను చక్కగా నిర్వచిస్తాడు. ఎవరి అభిప్రాయానికి వారు అంటిపెట్టుకొని ఏకీభావానికి రానిది అధమమంటాడు. అతని సభ మరునిమిషంలోనే పొగడ్తలతో, ప్రగల్భాలతో నిండిపోతుంది. చేయవలసిన పని చేసిన తరువాత ఆలోచన అడగడం తగదని కుంభకర్ణుడే మందలిస్తాడు. ఇంతమంది వీరులలో తీరాన్ని కాపాడదామని, కట్టడాన్ని అడ్డుకుందామని పట్టుబట్టినవాడు ఒక్కడూ కనిపించడు. ఐదు రోజులు పని నిరాటంకంగా సాగింది. సముద్రం మీద సేతువు కట్టారన్న వార్తను రావణుడు నమ్మలేకపోతాడు. సముద్రమే తన కోట అనుకొన్నవాని ఓటమి ఆ అపనమ్మకంలోనే ఉంది.

ఇరవైయవ శతాబ్ది చరిత్ర ఈ చదువుకు కొంత తోడ్పడుతుంది. 1940లో ఇంగ్లీషు చానల్ దాటి బ్రిటన్‌పై దిగాలని జర్మనీ ప్రణాళిక వేసింది. గగనతలంపై ఆధిపత్యం దొరకక, నదులలో తిరిగే పడవలను సమకూర్చుకొని కూడా, సెప్టెంబరు 17న దానిని వాయిదా వేసింది. 1944 జూన్ 6న అదే సముద్రాన్ని ఎదురు దిశలో దాటిన మిత్రరాజ్యాల సేనలు కాలే వైపు దాడి జరుగుతుందని శత్రువును భ్రమింపజేశాయి. రేవు దొరకదని తెలిసి కృత్రిమ రేవులను తమవెంట తీసుకుపోయాయి. కావ్యానికి చరిత్రతో పోలిక పరిమితమైనదే. ఇరుకైన సముద్రం సులభమైన సముద్రం కాదని, దానిని గెలిచేది ముందస్తు ఆలోచన అని రెండూ చెబుతాయి.

8. తెలుగు స్మృతిలో సేతువు

గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణంలోని ఉడుత కథ వాల్మీకంలో లేదు. ఇసుక రేణువులు మోసిన ఆ చిన్నప్రాణి వల్ల ‘ఉడుతాభక్తి’ తెలుగువారి నిత్యవ్యవహారంలో చేరింది. విభీషణుని ఘట్టం నుంచి ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్న సామెత నిలిచింది. ఒకటి సమష్టి శ్రమను, మరొకటి సమాచార శక్తిని గుర్తుపెట్టుకొన్నది. జనస్మృతి వ్యూహాన్ని పూర్తిగా మరచిపోలేదనడానికి ఇవి సాక్ష్యాలు.

అయితే రెండింటిలోనూ దృష్టి పక్కకు జరిగింది. ఉడుత కథలో కొలతదారం వెనుకబడి భక్తి ముందుకు వచ్చింది. అల్పుని సేవకు గౌరవం దక్కడం ద్విపద సాధించిన విలువైన ఫలం, దానిని తక్కువ చేయనక్కరలేదు. సామెతలో మాత్రం విభీషణుడు ఇంటిగుట్టు చెప్పినవాడుగానే మిగిలాడు. సభలో హితవు చెప్పి, అవమానం పొంది బయటకు వచ్చినవాడన్న సంగతి జారిపోయింది. దారి వెదకిన నీలునికి, అడిగేదాకా మౌనంగా ఉన్న నలునికి సామెత దక్కలేదు.

9. ముగింపు

సాగరతరణం వాల్మీకి దృష్టిలో అడగడం, వినడం, లెక్కించడం, నియమించడం అనే పనుల వరుస. రాముడు గెలిచింది సరైన ప్రశ్నలు వేసినందువల్ల. మూడు రాత్రులు ఆగిపోయింది వేయవలసిన ఒక ప్రశ్న వేయనందువల్ల. రావణునికి మంత్రాంగ శాస్త్రం తెలుసు, వినడం తెలియదు. ఈ తేడాను గుర్తించినప్పుడు యుద్ధకాండ తొలి సర్గలు పీఠికగా కాక కావ్యానికి నైతికకేంద్రంగా కనిపిస్తాయి. భాస్కర రామాయణం, మొల్ల రామాయణం, విశ్వనాథ కల్పవృక్షం నలుని మౌనాన్ని, శుకుని బంధనాన్ని ఎలా స్వీకరించాయో పోల్చి చూడటం తెలుగు రామాయణ పరిశోధన చేయవలసిన తదుపరి పని.