పద్యావగాహనమున చిత్రము: వామనుని పెరుగుదల పద్యముపై ఒక పరిశీలనము

పద్యము చదివినవాడు దానిని మనసున చూడవలెననుట మనకు క్రొత్త మాట కాదు. భూత భావి వస్తువులు ప్రత్యక్షములవలె తోచుటను ఆలంకారికులు భావికమన్నారు. కొమీనియస్ 1658లో బాలురకు సచిత్ర పాఠ్యగ్రంథమును వెలువరించెను. మాటయు బొమ్మయు స్మృతిలో రెండు త్రోవల నిలుచునని అలన్ పైవియో 1971లో ప్రతిపాదించెను. వీనిని చూపి, పాఠమునకు బొమ్మ జతచేసినచో అర్థము దానంతట తెలియుననువారు కలరు. దీనిని మేము అంగీకరింపజాలము.

పోతన భాగవతము అష్టమస్కంధమున వామనుడు పెరుగు మత్తేభమునే తీసికొందము. సూర్యబింబము మొదట గొడుగు, పిదప తలమానికము, కర్ణభూషణము, కంఠాభరణము, భుజకీర్తి, కంకణము, మొలగంట, అందె, తుదకు పాదపీఠము. రామగుండము చేరువనున్న జ్యోతినగర్‌లో, గని కార్మికుల బిడ్డలకును విద్యుత్కేంద్రపు ఉద్యోగుల బిడ్డలకును ఈ పద్యము చెప్పుచు, త్రివిక్రముని క్యాలెండరు బొమ్మను గోడకు తగిలించితిమి. అర్థమడుగగా పెక్కుమంది వామనుడు తొమ్మిది నగలు ధరించెనని వ్రాసిరి. గొడుగును పీఠమును నగలెట్లయినవో వారికి సందేహమే కలుగలేదు! తప్పు వారిది కాదు. ఆ బొమ్మలో దేవుడు నిలువెల్ల ఆభరణములతో నున్నాడు. సూర్యుడు మూలనొక చుక్క.

మరునాడు బొమ్మను తీసివేసి, పద్యమును మీరే గీయుడంటిమి. ఒక బాలిక విద్యుత్కేంద్రపు పొగగొట్టమును తలచుకొన్నది. ప్రొద్దెక్కినకొలది సూర్యుడు గొట్టము అడుగున, పిదప నడుమ, ఆపైన కొనయందు కనబడును. అచ్చట గొట్టము నిలిచియుండును, సూర్యుడు కదలును. పద్యమున అది తారుమారని ఆమె తానే కనుగొని, ఒకే ఎత్తున సూర్యుని నిలిపి తొమ్మిది వామనులను గీచినది. పద్యమున మరల మరల వచ్చు 'ఐ' అను క్త్వార్థకము అప్పుడు గాని తరగతికి పట్టుబడలేదు. మేమంతకుముందు రెండు దినములు వ్యాకరణము చెప్పియే యుంటిమి.

చేర్యాల పటము చూపు కథకుడు దానిని ఒక్కసారిగా విప్పడు. కథ సాగినకొలది ఒక్కొక్క ఘట్టమునే కనబరచును. ఈ మత్తేభమునకు కావలసినది అట్టి పటము. అన్ని పద్యములు నిట్లు గీయదగినవి కావు. నన్నయ అక్షరరమ్యతను గీయుమన్నచో విద్యార్థి ఏమి గీయగలడు?

ఆ బాలిక చిత్రమున బలి లేడు. ఎచ్చట నిలుపవలెనని ఆమెయే అడిగినది. ఆ పద్యమున బలి ప్రసక్తి లేదు. అందుచే ముందు వెనుకల పద్యములను అందరము మరల చదువవలసివచ్చినది.