లాక్ పట్టుకుని ఎదురుచూడొద్దు

మందుల హోల్‌సేల్ దుకాణంలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఆగిపోతే ఫోన్లో వినపడే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "డేటాబేస్ డౌనైంది సార్." తీరా చూస్తే డేటాబేస్ సర్వర్ పనిలేక ఖాళీగా ఉంటుంది. కౌంటర్లలో మాత్రం ఒక్క బిల్లూ కదలదు. అలాంటప్పుడు నేను కోడ్‌లో ముందు వెతికేది ఒకటే. ట్రాన్సాక్షన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోంది? ఆ మధ్యలో ప్రోగ్రాం ఎవరి కోసమైనా ఎదురుచూస్తోందా?

బిల్లు కొట్టడమంటే డేటాబేస్‌లో నాలుగు చోట్ల రాయడం. నంబరు తీసుకోవాలి, ఐటమ్‌లు ఎక్కించాలి, స్టాకు తగ్గించాలి, పార్టీ ఖాతాలో బాకీ పెంచాలి. స్టాకు తగ్గి, బాకీ ఇంకా పెరగకముందే కరెంటు పోతే సరుకు వెళ్లిపోయినట్టూ, దానికి ఎవరూ డబ్బు ఇవ్వక్కర్లేనట్టూ లెక్క మిగులుతుంది. అందుకే నాలుగింటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో కడతాం. కమిట్ అయితే అన్నీ ఉంటాయి, రోల్‌బ్యాక్ అయితే ఏదీ ఉండదు. ఇది కొత్తగా చేరిన కుర్రాళ్లకూ తెలుసు.

మెలిక బిల్లు నంబరు దగ్గరుంది. జీఎస్టీ నిబంధనల ప్రకారం ఇన్‌వాయిస్ నంబర్లు వరసగా ఉండాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో నంబర్లు తనంతట తానే ఇచ్చే సీక్వెన్స్ ఉంది కానీ, ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయినా అది వెనక్కి రాదు. 1041 తర్వాత 1043 పడుతుంది. 1042 ఏమైందని ఆడిటర్ అడుగుతాడు. అందుకని చాలామంది చివరి నంబరును ఒక టేబుల్‌లో ఉంచి, ఆ రోను లాక్ చేసి, ఒకటి కలిపి వాడతారు. నంబరు పోదు. కానీ ఆ లాక్ కమిట్ అయ్యేదాకా విడిపోదు కాబట్టి, ఒక బిల్లు పూర్తయ్యేదాకా తర్వాతి బిల్లు ఆగాల్సిందే. ట్రాన్సాక్షన్ కొన్ని మిల్లీసెకన్లలో ముగిస్తే ఈ ఆగడం ఎవరి కంటా పడదు.

ఈ-ఇన్‌వాయిస్ రాకతో అది కంటపడింది. 2023 ఆగస్టు 1 నుంచి, కొన్ని మినహాయింపులు పోను, వార్షిక టర్నోవర్ 5 కోట్లు దాటిన వ్యాపారాలు సాటి వ్యాపారులకు ఇచ్చే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌కు పంపి ఐఆర్‌ఎన్ అనే గుర్తింపు సంఖ్య తెచ్చుకోవాలి. స్టాకు తగ్గించిన లైను కిందే పోర్టల్‌ను పిలవాలని ప్రోగ్రామర్‌కు తడుతుంది. ఐఆర్‌ఎన్ వస్తే కమిట్, రాకపోతే రోల్‌బ్యాక్. చదవడానికి ముచ్చటగా ఉంటుంది. టెస్టింగ్‌లో పాసవుతుంది.

ఒకరోజు నెట్ నెమ్మదించి జవాబుకు ఇరవై సెకన్లు పట్టిందనుకోండి. జావా ప్రోగ్రాముల్లో తరచూ వాడే హికారీ కనెక్షన్ పూల్‌లో, మనం మార్చకపోతే, పదే కనెక్షన్లుంటాయి. అద్దె సైకిళ్ల కొట్టు పద్ధతే: పట్టుకెళ్లినవాడు తిరిగిచ్చాకే మరొకడికి. మొదటి బిల్లు నంబరు లాక్ పట్టుకుని పోర్టల్ కోసం చూస్తుంటే, తొమ్మిది బిల్లులు ఒక్కో కనెక్షన్ పట్టుకుని ఆ లాక్ కోసం చూస్తుంటాయి. పదకొండోవాడికి బిల్లుతో పనే లేదు, స్టాకు రిపోర్టు చూద్దామనుకున్నాడంతే. అతనికీ వెంటనే కనెక్షన్ దొరకదు. వెనక మరికొందరు చేరి ఎదురుచూపు 30 సెకన్లు దాటితే ఎర్రర్ వస్తుంది. "డేటాబేస్ డౌన్" అన్న ఫోను అప్పుడు మోగుతుంది.

పూల్‌ను యాభైకి పెంచమనే సలహా వెంటనే వస్తుంది. పెంచితే లాక్ ముందు క్యూ పొడవవుతుందే తప్ప బిల్లు కదలదు. పైగా పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్ ఒక్కో ప్రాసెస్. మామూలుగా ఉండే పరిమితి 100.

అంతకంటే లోతైన తప్పు ఇంకోటుంది. జవాబు రాలేదని మనం రోల్‌బ్యాక్ చేశాం, పోర్టల్ మాత్రం ఐఆర్‌ఎన్ ఇచ్చేసింది. మన రోల్‌బ్యాక్ మన డేటాబేస్ గడప దాటదు. 1042 అక్కడ ఉంది, ఇక్కడ లేదు. తర్వాతి పార్టీకి మళ్లీ 1042 వేసి పంపితే పోర్టల్ తిప్పికొడుతుంది. అమ్మినవారి జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, డాక్యుమెంటు రకం, దాని నంబరు, వీటితోనే ఐఆర్‌ఎన్ తయారవుతుంది. కొన్నవారెవరన్నది అందులో లేదు.

ఒకే నంబరుకు ఒకే ఐఆర్‌ఎన్ అన్న ఆ గుణమే మనకు దారి కూడా చూపిస్తుంది. మొదటి ట్రాన్సాక్షన్‌లో నంబరు, ఐటమ్‌లు, స్టాకు, బాకీ రాసి, బిల్లును "ఐఆర్‌ఎన్ పెండింగ్" అని గుర్తుపెట్టి కమిట్ చేసేయాలి. లాక్ లేకుండా, కనెక్షన్ లేకుండా పోర్టల్‌ను పిలవాలి. జవాబు వచ్చాక రెండో చిన్న ట్రాన్సాక్షన్‌లో ఐఆర్‌ఎన్ రాయాలి. మధ్యలో ప్రోగ్రాం చచ్చిపోయినా పెండింగ్ బిల్లు అలాగే ఉంటుంది. మళ్లీ పంపితే, అది ముందే చేరి ఉంటే, డూప్లికేట్ అని పోర్టలే చెబుతుంది. అప్పుడు పాత ఐఆర్‌ఎన్‌ను అడిగి తెచ్చుకుంటే చాలు.

కోడ్‌లో ట్రాన్సాక్షన్ హద్దు కంటికి కనపడకపోవడం అసలు చిక్కు. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్‌లో మెథడ్ నెత్తిన ట్రాన్సాక్షనల్ అని ఒక్క మాట రాస్తే, దాని లోపల జరిగేదంతా ట్రాన్సాక్షనే. మూడు మెథడ్ల లోపల ఎవరో పోర్టల్‌ను పిలుస్తున్న సంగతి పైనున్నవాడికి తెలియదు. చెక్డ్ ఎక్సెప్షన్ వస్తే మనం ప్రత్యేకంగా చెప్పనిదే రోల్‌బ్యాక్ కాదు, కమిట్ అవుతుందన్నది కూడా చాలామంది గమనించరు.

ట్రాన్సాక్షన్ భావనకు మూలం కాంట్రాక్టు చట్టంలో ఉందని జిమ్ గ్రే 1981లోనే రాశాడు. 1998లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. ఆయన మాటను పట్టుకుంటే, కమిట్ ఎక్కడ పెట్టాలన్నది ప్రోగ్రామర్ ఒక్కడే తేల్చేది కాదనిపిస్తుంది. ఐఆర్‌ఎన్ లేని బిల్లు చట్టం దృష్టిలో ఇన్‌వాయిస్ కాదు. మరి పెండింగ్ బిల్లుకు సరుకు కట్టి ఉంచవచ్చా, లారీ ఎక్కించవచ్చా? పార్టీ వద్దంటే 24 గంటల్లోపు పోర్టల్‌లో రద్దు చేసేదెవరు, ఆ గడువు దాటితే క్రెడిట్ నోటు రాసేదెవరు? ట్రాన్సాక్షన్‌ను రెండుగా కోసిన క్షణాన ఈ ప్రశ్నలన్నీ పుడతాయి. జవాబులు అకౌంటెంట్ దగ్గర, గోడౌన్ ఇన్‌ఛార్జి దగ్గర ఉంటాయి. అవి అడిగి తెలుసుకున్నాకే నేను కమిట్ లైను రాస్తాను.