ఆకు పేరున్న రాయి

ఖనిజాలకు మనుషుల పేర్లు పెట్టడం పాత అలవాటు. ఒక జింక్ ఫాస్ఫేట్ ఖనిజానికి ఎడిన్‌బరో కెమిస్ట్రీ ప్రొఫెసర్ థామస్ చార్లెస్ హోప్ పేరు మీద హోపైట్ అన్నారు. మర్యాద బాగానే ఉంది గానీ, పేరు వింటే రాయి సంగతి ఒక్క ముక్కా తెలియదు. దాని దగ్గరి చుట్టం ఫాస్ఫోఫిల్లైట్ అలా కాదు. బవేరియాలోని హాగెన్‌డోర్ఫ్‌లో దొరికిన ఈ ఖనిజానికి 1920లో లాబ్‌మన్, స్టైన్‌మెట్జ్ ఆ పేరు పెట్టారు. ముందు సగం ఫాస్ఫేట్. వెనక సగం గ్రీకు ‘ఫిల్లోన్’, అంటే ఆకు.

ఆకు ఎందుకో తెలియాలంటే స్ఫటికం లోపలికి వెళ్లాలి. జింక్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, ఫాస్ఫరస్ చుట్టూ నాలుగు. ఈ చిన్న చిన్న గోపురాలు మూలలు కలుపుకుని పొరలుగా పరుచుకుంటాయి. పొరకీ పొరకీ నడుమ ఇనుము కూర్చుంటుంది. దాని చుట్టూ ఉన్న ఆరు ఆక్సిజన్లలో నాలుగు నీటి అణువులవే. పొరలను పట్టి ఉంచడానికి మిగిలినవి రెండే. దెబ్బ తగిలితే రాయి సరిగ్గా అక్కడే, నున్నగా, రేకుగా విడిపోతుంది. ఎంత నిజాయితీ గల పేరు! బలహీనతనే ముందు చెప్పేసింది.

మేలైన స్ఫటికాలు బొలీవియాలోని పొటోసీ వెండికొండలో దొరికాయి. నీలం కలిసిన లేత ఆకుపచ్చ, అద్దంలా పారదర్శకం. గట్టిదనం మాత్రం మోస్ కొలతలో 3 నుంచి 3.5. చాకు మొన తగిలినా గీత పడుతుంది. సానపట్టేవాళ్లు జంకడంలో తప్పేముంది? హారుకో ఇచికావా జపనీస్ బొమ్మల కథలో చీటికీమాటికీ విరిగిపోయే ప్రధాన పాత్రకు ఈ రాయి పేరే పెట్టారు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది వేరే సంగతి. కారు బాడీకి రంగు వేసే ముందు ఉక్కు రేకును జింక్ ఫాస్ఫేట్ ఆమ్ల ద్రావణంలో ముంచుతారు. ఆమ్లం రేకును కొద్దిగా కరిగిస్తుంది. ఆ క్రమంలో రేకును ఆనుకున్న ద్రావణంలో పులుపు తగ్గి, స్ఫటికాలు పేరుకుంటాయి. కరిగిన ఇనుము వాటిలోకి చేరితే అది ఫాస్ఫోఫిల్లైటే. సూక్ష్మదర్శినిలో తప్ప కనపడనంత చిన్నవి, కానీ పొటోసీ రాయిదీ వీటిదీ ఒకటే అల్లిక. రాయి రేకులుగా విడిపోయే చోట ఉన్న ఆ ఇనుమే, ఇక్కడ పూత క్షారానికి తట్టుకునేలా చేస్తుంది. జింక్ పూత ఉన్న రేకు మీదైతే ఇనుము చిక్కదు. అక్కడ ప్రధానంగా పెరిగేది హోప్ గారి రాయే.