అడుగులు చెప్పేవి, రాళ్లు చెప్పలేనివి

గుంటూరు నుంచి ఢిల్లీ వచ్చిన బాబాయిని ఈ వారం, ఆంధ్రా భవన్‌లో భోజనం కాగానే, తీస్ జనవరి మార్గ్‌లోని గాంధీ స్మృతికి తీసుకెళ్లాను. ఒకప్పటి బిర్లా హౌస్ అది. గాంధీజీ చివరి 144 రోజులు గడిపిన ఇల్లు. 1948 జనవరి 30 సాయంత్రం ఆయన ప్రార్థనకు నడిచిన దారి పొడవునా అడుగుల ఆకారాలు ఉబ్బెత్తుగా అమర్చి ఉంటాయి. కారులో రాజకీయాలు గట్టిగా మాట్లాడుతూ వచ్చిన బాబాయి, నాలుగు అడుగులు దాటేసరికి గొంతు తగ్గించారు. ఒక్క అడుగునూ తొక్కకుండా పక్కనే నడుస్తూ, తెలియకుండానే ఆ అంగలకు తన అంగలు కలిపారు. అడుగులు ఆగిన చోట ఆయనా ఆగారు. అలా నడవమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నాకు చాలా సంతోషమేసింది.

నేల, వెలుతురు, గుమ్మం ఎత్తు కూడా మాట్లాడతాయని ఈ శీర్షికలో నేను ఎప్పుడూ రాసేదే. సఫ్దర్‌జంగ్ రోడ్డులో ఇందిరాగాంధీ చివరిసారి నడిచిన బాట మీద పరిచిన గాజుదీ ఇదే విద్య.

నాకు ఈ పాఠం నేర్పింది మాత్రం నాగార్జునకొండ. మాచర్ల వైపు నుంచి లాంచీ ఎక్కితే అక్కడి మ్యూజియం నీళ్ల మీదే మొదలవుతుంది. సాగర్ డ్యామ్ వస్తుందని 1954 నుంచి 1960 దాకా ఆ లోయనంతా తవ్వారు. దొరికిన శిల్పాలను కొండ మీదికి చేర్చారు, కొన్ని కట్టడాలను అక్కడే తిరిగి నిలబెట్టారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నీటి కింద ఉండిపోయింది. చిన్నప్పుడు లాంచీలో మా నాన్న కిందికి చూపించి ‘ఊరు అక్కడుందిరా’ అన్నారు. ఆ మాట విన్నాక కొండ మీద ప్రతి రాయీ మునిగిన ఇంటి నుంచి బయటపడ్డ మనిషిలా కనిపించింది.

గాంధీ స్మృతి నుంచి జనపథ్‌లోని నేషనల్ మ్యూజియానికి వెళ్లాం. గుండ్రటి భవనం, గుండ్రటి వరండా. ఆ వంపు కాలిని ముందుకే లాగుతుంది. నాగార్జునకొండ శిల్పాలు అక్కడా ఉన్నాయి. లేతాకుపచ్చ పలనాటి సున్నపురాయి. బాబాయి ఒక చూపు చూసి సాగిపోయారు. నేను చెయ్యి పట్టి ఆపి, ఇవి ఎక్కడివో చెప్పాను. వెనక్కి వచ్చి, కళ్లజోడు తుడుచుకుని, ‘మన సాగర్ కిందివా!’ అన్నారు. ఆ తర్వాత ఆ రాయి ముందు నుంచి ఆయన్ని కదిలించడం నా వల్ల కాలేదు.

గాంధీ స్మృతి దగ్గర, బోర్డులతో పని లేదని ఈ వారం రాద్దామనుకున్నాను. ఇప్పుడు అలా రాయలేను. ఆ అడుగులు బాబాయితో మాట్లాడాయంటే, ఆ కథ ఆయనకు చిన్నప్పుడే ఎవరో చెప్పి ఉన్నారు కాబట్టి. లాంచీలో నీళ్లు నాకు అర్థమైంది నాన్న నోరు విప్పారు కాబట్టి. స్థలం మనిషిని ఆపుతుంది, గొంతు తగ్గిస్తుంది, అడిగేలా చేస్తుంది. జవాబు మాత్రం మాటల్లోనే రావాలి. పుట్టినచోటు వదిలి దూరం వచ్చిన రాయికి ఆ మాటలు మరీ అవసరం. అందుకే పలనాటి రాయి ఏ మహానగరంలో ఉన్నా, దాని పక్కన లోయ పటం ఒకటి, తెలుగులో నాలుగు వరుసలు ఉండాలని అడుగుతున్నాను. నిశ్శబ్దం ఎంత గొప్పదైనా, కథ తెలియని పిల్లవాడికి అది మూసిన తలుపే.